ఏడేళ్లు తెరవకూడని పెట్టె: బోస్టన్ స్కాట్ల సంఘం కథ

1657 జనవరి 6న బోస్టన్‌లో పాతిక పైచిలుకు మంది స్కాట్లండ్ వాళ్లు ఒకచోట కూడి ఒక పెట్టె పెట్టుకున్నారు. చేరేటప్పుడు తలకు 12 పెన్నీలకు తగ్గకుండా వేయాలి. ఆ తర్వాత మూడు నెలలకోసారి 6 పెన్నీలు. అంతకు మించి ఇస్తారా, దేవుడు ఎవరి మనసుకు ఎంత తోపిస్తే అంత. ఇంతవరకూ మామూలే. కానీ ఆ రోజు రాసుకున్న కాగితంలో ఇంకో షరతుంది. మొదటి 7 ఏళ్లు ఆ పెట్టెలోంచి ఎవరి సాయానికీ పైసా తీయకూడదు. కారణం కూడా అక్కడే రాశారు: పెట్టెకు ఇంకా మైనారిటీ తీరలేదట.

దానసంఘం పెట్టుకుని, చేసిన మొదటి తీర్మానాల్లోనే ఎవరికీ ఇవ్వకూడదని రాసుకోవడం! ఈ ఒక్క వాక్యం పట్టుకునే నేను స్కాట్స్ చారిటబుల్ సొసైటీ చరిత్రలోకి వెళ్లాను. ఎక్కడ చూసినా కథ ఒకేలా చెబుతారు. డన్‌బార్ యుద్ధంలో పట్టుబడిన స్కాట్ ఖైదీలను ఓడల్లో అమెరికాకు తెచ్చి అమ్మారు, వాళ్లు విడుదలయ్యాక తమలాంటి దిక్కులేని వాళ్లను ఆదుకోవడానికి ఈ సంఘం పెట్టుకున్నారు, పశ్చిమార్ధగోళంలో ఇంత పాత దానసంఘం మరొకటి లేదు అని. ఇందులో పూర్తి అబద్ధమేమీ లేదు. కానీ వేర్వేరు ముళ్లన్నీ కలిసి ఒకే ముడిలా బిగిసిపోయాయి. వాటిని విడదీస్తే తప్ప ఆ ఏడేళ్ల షరతు అర్థం కాదు.

మొదట యుద్ధం సంగతి. 1649లో ఇంగ్లండ్ పార్లమెంటు పక్షం చార్లెస్ రాజు తల తీయించింది. స్కాట్లు ఆయన కొడుకు రెండో చార్లెస్‌ను రాజుగా ప్రకటించారు. దాంతో పార్లమెంటు సేనాని ఆలివర్ క్రామ్‌వెల్ సైన్యంతో ఉత్తరానికి నడిచాడు. 1650 సెప్టెంబర్ 3 తెల్లవారుజామున డన్‌బార్ దగ్గర గంటా రెండు గంటల్లో స్కాట్ సైన్యం చెల్లాచెదురైంది. 10,000 మందిని పట్టుకున్నానని క్రామ్‌వెల్ రాసుకున్నాడు. గాయపడిన వాళ్లను, నడవలేని వాళ్లను వదిలేసి, మిగిలిన వేలమందిని దక్షిణానికి, సుమారు 100 మైళ్ల దూరంలో ఉన్న డరమ్ పట్టణానికి నడిపించారు.

దారిలో తిండి లేదు. న్యూకాజిల్ గవర్నర్ ఆర్థర్ హేసెల్‌రిగ్ తర్వాత పైవాళ్లకు పంపిన ఉత్తరంలో ఒక సంగతి ఉంది. మోర్పెత్ అనే ఊళ్లో ఖైదీలను గోడలున్న ఒక తోటలో ఉంచితే, ఆకలికి తాళలేక అక్కడున్న కాబేజీలను ఆకులు, వేళ్లతో సహా పచ్చిగా తినేశారట. రక్తవిరేచనాలు అక్కడే మొదలయ్యాయని ఆయన నమ్మకం. డరమ్ కెథీడ్రల్లో లెక్కపెట్టి లోపలికి పంపింది 3,000 మందిని. అక్టోబర్ చివరికి వాళ్లలో సగానికి పైగా చనిపోయారు. ఈ ఉత్తరం రాసిన మనిషి జైలరు పక్షం వాడు, తన తప్పేమీ లేదని చెప్పుకోవడానికే రాశాడు. అయినా ఆ కాబేజీల మాట దగ్గర చదవడం ఆగిపోతుంది.

చనిపోయిన వాళ్లను ఎక్కడ పూడ్చారో 363 ఏళ్లు ఎవరికీ తెలియలేదు. 2013 నవంబర్‌లో డరమ్‌లో ఒక గ్రంథాలయం పక్కన కేఫ్ కోసం పునాది తవ్వుతుంటే రెండు గోతుల్లో ఎముకలు బయటపడ్డాయి. ఒకరి మీద ఒకరిని పడేసి పూడ్చారు. ఎక్కువమంది 13 నుంచి 25 ఏళ్ల లోపు మగవాళ్లు. కొందరి పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య గుండ్రటి సందు అరిగి ఉంది. రోజూ మట్టి చిలుం పళ్ల మధ్య కరిచి పట్టుకుని పొగ తాగితే ఏర్పడే గుర్తు అది. పొగాకు అక్కడ అంత విరివిగా వాడకంలోకి వచ్చింది 17వ శతాబ్దంలోనే కాబట్టి, కాలం తేల్చడానికి ఆ అరిగిన పళ్లు కూడా సాక్ష్యమయ్యాయి. 2015లో వీళ్లు డన్‌బార్ సైనికులేనని డరమ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రకటించారు. 2018 మేలో అదే ఊళ్లో, ఈసారి శ్మశానంలో, స్కాట్లండ్ మట్టి తెచ్చి కలిపి సమాధి చేశారు.

బతికిన వాళ్లలో 150 మందిని 1650 చివర్లో యూనిటీ అనే ఓడ ఎక్కించి బోస్టన్ పంపారు. అక్కడ ఒక్కొక్కరి పని కాలాన్ని 20 నుంచి 30 పౌండ్లకు అమ్మారు. కొంతమంది బోస్టన్ ఉత్తరాన సాగస్‌లో ఉన్న ఇనుప కార్ఖానాకు వెళ్లారు. ఇప్పుడు అది జాతీయ చారిత్రక స్థలం. నీటి చక్రాలు, కొలిమి, సమ్మెట తిరిగి కట్టి చూపిస్తారు. ఇనుము పని అంటే కొలిమి ముందు నిలబడడమే అనుకుంటాం. కానీ ఈ స్కాట్లలో ఎక్కువమంది చేసింది అడవి నరకడం. కొలిమికి బొగ్గు కావాలి, బొగ్గుకు కట్టె కావాలి. ఆ కట్టె కొట్టడానికి చేతులు చాలవనే వీళ్లను కొన్నారు. మరికొందరు ఇప్పటి మెయిన్ రాష్ట్రంలో బెర్విక్ దగ్గర రంపపు మిల్లులకు వెళ్లారు.

ఆ వైపు వెళ్లిన వాళ్లలో మైకమ్ మెకింటైర్ ఒకడు. మాల్కమ్ అన్న పేరును ఆంగ్లేయ గుమాస్తా విన్నది విన్నట్టు రాసుకుంటే మైకమ్ అయింది. ఇలాంటి మార్పులు ఖైదీల పేర్లలో బోలెడు. గేలిక్ తప్ప ఇంకో భాష రాని మనిషి, రాయడం రాని మనిషి, అవతలి వాడు రాసిందే తన పేరు. మెకింటైర్ విడుదలయ్యాక యార్క్ అనే ఊళ్లో భూమి సంపాదించాడు. ఆ కుటుంబం పేరు మీద 18వ శతాబ్దం మొదట్లో కట్టిన దుంగల ఇల్లు ఇంకా నిలిచి ఉంది. విడుదలైన ఖైదీలు స్థిరపడిన ఆ పేటను ఇప్పటికీ స్కాట్లండ్ అనే పిలుస్తారు.

ఇక్కడ ఒక ముడి జాగ్రత్తగా విప్పాలి. వీళ్లు బానిసలా? ఇంటర్నెట్‌లో ‘తెల్ల బానిసలు’ అనే మాట జోరుగా తిరుగుతుంది. నల్లజాతి వాళ్ల బాధను తక్కువ చేసి చూపడానికి వాడేవాళ్లే అందులో ఎక్కువ. నిజం ఏమిటంటే, వీళ్లను వాళ్ల ఇష్టంతో పని లేకుండా అమ్మారు. అది చిన్న విషయం కాదు. కానీ అమ్మింది మనిషిని కాదు, అతని కొన్నేళ్ల శ్రమను. 1651 జులైలో బోస్టన్ పాస్టరు జాన్ కాటన్ క్రామ్‌వెల్‌కు రాసిన ఉత్తరంలో ఈ మాట స్పష్టంగా ఉంది. శాశ్వత బానిసత్వానికి కాదు, 6, 7 లేక 8 ఏళ్లకు మాత్రమే అమ్మారని. వీళ్లను కొన్న ఒకాయన నలుగురికో ఇల్లు కట్టించి, వారంలో కొన్ని రోజులు తన పనికి, మిగిలినవి వాళ్ల సొంతానికి వదులుతున్నాడని కూడా రాశాడు. ఈ రెండో భాగాన్ని పూర్తిగా నమ్మక్కర్లేదు. ఆయన కొన్నవాళ్ల పక్షాన మాట్లాడుతున్నాడు. గడువు మాట మాత్రం నిజమే. గడువు తీరితే స్వేచ్ఛ, పిల్లలకు ఆ కట్టు సోకదు.

ఆఫ్రికా నుంచి తెచ్చిన వాళ్లకు ఈ రెండూ లేవు. అదే మసాచుసెట్స్ 1641లోనే న్యాయమైన యుద్ధంలో పట్టుబడిన వాళ్లను, తమకు అమ్ముడైన పరాయివాళ్లను బానిసలుగా ఉంచుకోవచ్చని చట్టంలో రాసుకుంది. అక్షరాలా చదివితే డన్‌బార్ వాళ్లు కూడా దాని కిందికే రావాలి. కానీ రానివ్వలేదు. ఆ తేడా ఎలా గట్టిపడిందో చూపించే చట్టాలు రెండున్నాయి. 1652లో స్కాట్లు, నల్లవాళ్లు, స్థానిక ఇండియన్లు అందరూ ఊరి సైనిక శిక్షణకు రావాలని ఆజ్ఞ. మూడు పేర్లూ ఒకే వాక్యంలో. 1656లో దాన్ని మార్చారు. నల్లవాళ్లకు, ఇండియన్లకు ఇక ఆయుధం ఇవ్వకూడదు, శిక్షణా వద్దు. ఆ నిషేధంలో స్కాట్ల పేరు లేదు. నాలుగేళ్లలో గీత వాళ్లను దాటి అవతలికి జరిగింది. ఆ మరుసటి ఏడాదే ఈ పెట్టె పుట్టింది.

మనకు దగ్గర పోలిక కావాలంటే 19వ శతాబ్దంలో కోరంగి, విశాఖ తీరాల నుంచి మారిషస్ చెరకు తోటలకు వెళ్లిన తెలుగు ఒప్పంద కూలీలను తలుచుకోవచ్చు. వాళ్లదీ గడువున్న కట్టుబాటే. కాకపోతే వాళ్ల వేలిముద్ర ఏదో ఒక కాగితం మీద పడింది, వీళ్లకు ఆ మాత్రం కూడా లేదు.

డన్‌బార్ జరిగి సరిగ్గా ఏడాదికి, 1651 సెప్టెంబర్ 3న, ఇంగ్లండ్‌లోని వూస్టర్‌లో స్కాట్లు మళ్లీ ఓడిపోయారు. ఆ ఖైదీల్లో 272 మందిని జాన్ అండ్ సారా అనే ఓడలో పంపితే 1652 మొదట్లో బోస్టన్ చేరారు. ఇప్పుడు లెక్క వేసుకోండి. 1650 చివర్లో వచ్చినవాడికి ఆరేళ్ల గడువంటే 1656 చివరికి తీరుతుంది. ఆ తర్వాత ఏటేటా ఇంకొందరు బయటికొస్తారు. చేతిలో డబ్బు లేదు, చుట్టాలు లేరు, నోట్లో మాట వేరు. 1657లోనే ఈ సంఘం ఎందుకు పుట్టిందంటే ఇది సగం జవాబు.

సగమే ఎందుకంటే, సంతకాలు పెట్టిన వాళ్లందరూ ఖైదీలు కారు. బోస్టన్ రేవు పట్టణం. ఖైదీల ఓడలకు సంబంధం లేకుండా వచ్చిన స్కాట్ వ్యాపారులు, చేతిపనుల వాళ్లు, ఓడ మనుషులు అక్కడున్నారు. మూడు నెలలకోసారి తప్పకుండా 6 పెన్నీలు కట్టగలిగిన వాడు అప్పటికే కాస్త నిలదొక్కుకున్న వాడై ఉండాలి. ఖైదీలే పెట్టుకున్న సంఘం అనడం కన్నా, ఖైదీలు కళ్లముందు తిరుగుతున్న ఊళ్లో స్కాట్లు పెట్టుకున్న సంఘం అనడం నిజానికి దగ్గర.

మిగతా సగం జవాబు బోస్టన్ ఊరి చట్టంలో ఉంది. నా దృష్టిలో అసలు ముడి ఇదే. ఆంగ్లేయ వలసల్లో పేదవాణ్ని పోషించే బాధ్యత ప్రభుత్వానిది కాదు, చర్చిది కూడా కాదు, అతని ఊరిది. 1601 నాటి ఇంగ్లండ్ పేదల చట్టం నుంచి వచ్చిన పద్ధతి అది. ఊరివాళ్లంతా పన్ను కట్టి తమ ఊరి పేదను చూసుకోవాలి. వినడానికి బాగానే ఉంది. కానీ వెంటనే వచ్చే ప్రశ్న, ఎవడు ఏ ఊరి వాడు? కొత్తవాణ్ని ఇంట్లో ఉంచుకుంటే ఊరి పెద్దలకు చెప్పాలి, లేకపోతే జరిమానా. రేపు వాడు జబ్బు పడితే, చస్తే, ఖర్చు ఊరి నెత్తిన పడుతుందని భయం. తమ వాడు కాదనుకున్న వాణ్ని ఊరు విడిచి పొమ్మని హెచ్చరించేవాళ్లు. తర్వాత్తర్వాత అది పెద్ద తంతే అయింది. హెచ్చరించినంత మాత్రాన నిజంగా వెళ్లగొట్టేవాళ్లని కాదు. ఒకసారి హెచ్చరించి కాగితం మీద రాసుకుంటే చాలు, ఆ మనిషి భారం ఇక ఊరిది కాదు.

అడవిలో ఆరేళ్లు కట్టె కొట్టి బయటికొచ్చిన స్కాట్ ఏ ఊరి వాడు? యజమాని ఊరు నా వాడు కాదంటుంది. బోస్టన్ నా వాడని అసలే అనదు. కాలు విరిగితే చూసే బాధ్యత ఎవరిదని చట్టాన్ని అడిగితే జవాబు రాదు. ఈ ఖాళీలో పెట్టిన పెట్టె అది. 1657 కాగితంలోనే ఈ జాగ్రత్త కనిపిస్తుంది. ఈ సొమ్ము స్కాట్లమైన మా కోసం, మేము సాయం చేయదగిన వాడని తలచిన ఏ స్కాట్ జాతివాడి కోసమైనా సరే అని రాస్తూనే, దీనివల్ల ఆయా ఊళ్లు తమ పేదలను చూసుకునే బాధ్యత నుంచి తప్పుకున్నట్టు కాదని కూడా చేర్చారు. మేము పెట్టె పెట్టుకున్నాం కదా అని మీరు చేతులు దులుపుకోకండి అని ముందే చెప్పుకున్నారు. ఆ ఊరి పద్ధతి ఎంత బాగా ఎరిగిన వాళ్లో దీన్నిబట్టే తెలుస్తుంది.

పెట్టె అన్న ఆలోచన మాత్రం వాళ్లు ఇంటినుంచి తెచ్చుకున్నదే. స్కాట్లండ్‌లో పేదలకు పన్ను వేసే చట్టం పేరుకు ఉన్నా, ఆచరణలో చర్చి గుమ్మం దగ్గర పోగైన చిల్లరే ఆధారం. సంఘ పెద్దలు దాన్ని పెట్టెలో వేసి విధవలకు, అనాథలకు పంచేవాళ్లు. చేతిపని సంఘాలకు సొంత పెట్టెలుండేవి, రేవు ఊళ్లలో నావికులకు ఉండేవి. 1603లో స్కాట్లండ్ రాజు ఇంగ్లండ్‌కు కూడా రాజైనప్పుడు ఆయన వెంట లండన్ చేరిన స్కాట్లకు ఇదే అవస్థ ఎదురైంది, అక్కడి పేటలు మా వాళ్లు కాదన్నాయి. 1611 ప్రాంతంలో అక్కడ స్కాట్ల పెట్టె మొదలైంది. 1665లో దానికి రాజశాసనం దొరికింది, ఆ ఏడే ప్లేగు వచ్చింది. పేటల సాయం అడగకుండా 300 మంది స్కాట్లను తమ ఖర్చుతో సమాధి చేశామని ఆ సంఘం చరిత్రలో చెప్పుకుంటుంది. స్కాట్స్‌కేర్ పేరుతో అది లండన్‌లో ఇంకా పనిచేస్తోంది.

ఇప్పుడు ఆ ఏడేళ్ల షరతు దగ్గరికి వద్దాం. దానం అనుకుంటే అది కఠినంగా కనిపిస్తుంది. పరస్పర భద్రత నిధి అనుకుంటే లెక్క సరిపోతుంది. తలకు 12 పెన్నీల చొప్పున పాతికమంది వేస్తే ఒకటిన్నర పౌండు కూడా దాటదు (అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు). ఒక్క మనిషి చలికాలమంతా మంచాన పడితే పెట్టె అడుగంటుతుంది. కాబట్టి మొదట పెరగనివ్వాలి. మైనరు ఆస్తిని గార్డియన్ ముట్టుకోనట్టే, ఎవరూ ముట్టుకోకూడదు. అమెరికాలో మన పిల్లవాడెవడైనా రోడ్డు ప్రమాదంలో పోతే శవాన్ని ఇంటికి పంపడానికి అప్పటికప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో విరాళాల లింకు తిరగడం ఈనాటి తెలుగువాళ్లకు తెలిసిన విషయమే. కష్టం వచ్చాక చేయి చాచడం అది. కష్టం రాకముందే, ఎవరికి వస్తుందో తెలియకుండా దాచుకోవడం 1657 వాళ్లు చేసిన పని. ఆకలి కళ్లారా చూసిన వాళ్లు ఏడేళ్లు పెట్టె తెరవకుండా ఉండాలనుకున్నారంటే దానికి ఎంత నిబ్బరం కావాలో అనిపిస్తుంది.

ఆ నిబ్బరం ఫలించిందా అంటే, అంతగా లేదు. మొదటి ప్రయత్నం నీరసించింది. 1684లో సంఘాన్ని మళ్లీ కూడగట్టి, నియమాలు కొత్తగా రాసుకుని నిలబెట్టారు. ఆ తర్వాతే అది నిలకడగా నడిచింది. అందువల్ల ‘అతి పాత దానసంఘం’ అన్న బిరుదులో 1657 పుట్టిన ఏడు, 1684 కాళ్ల మీద నిలబడిన ఏడు. రెండో తేదీ తీసుకున్నా సంఘం చాలా పాతదే, దాని గౌరవం తగ్గదు. కానీ నిరాటంకంగా సాగిన దీపంలా చెబితే, ఆరిపోయిన దాన్ని మళ్లీ వెలిగించిన వాళ్ల శ్రమ కనబడకుండా పోతుంది.

తర్వాతి శతాబ్దంలో ఈ తరహా సంఘాలు రేవు రేవునా పుట్టాయి. 1729లో చార్లెస్టన్‌లో, 1747లో ఫిలడెల్ఫియాలో, 1756లో న్యూయార్క్‌లో సెయింట్ ఆండ్రూ పేరుతో, 1768లో కెనడాలోని హాలిఫాక్స్‌లో నార్త్ బ్రిటిష్ సొసైటీ పేరుతో. అన్నీ స్కాట్ సంఘాలే అయినా పుట్టుక ఒకటి కాదు. చార్లెస్టన్ ఐశ్వర్యమంతా బానిసల చెమట మీద నిలబడింది. అక్కడ సంఘం పెట్టుకున్న వాళ్లు ఆ ఐశ్వర్యంలో భాగస్వాములు, గడువు తీరిన కట్టెకొట్టేవాళ్లు కారు. బోస్టన్‌లోనే 1718లో ఉత్తర ఐర్లండ్ నుంచి స్కాట్ మూలాలున్న ప్రెస్బిటేరియన్లు (ఒక ప్రొటెస్టంట్ శాఖ వాళ్లు) ఓడల కొద్దీ దిగితే, తిండిగింజలు చాలవని ఊరు కంగారు పడింది. 1737లో ఐరిష్ వాళ్లు కూడా బోస్టన్‌లో సొంత దానసంఘం పెట్టుకున్నారు. అదీ ఇంకా నడుస్తోంది.

స్వాతంత్ర్య యుద్ధం వచ్చేసరికి బోస్టన్ స్కాట్లలో చాలామంది రాజు పక్షాన నిలబడ్డారు. ఒక రాజు కోసం పోరాడి, పార్లమెంటు సైన్యానికి చిక్కి సముద్రం దాటిన వాళ్ల పేరు మీద నడిచే సంఘం, 120 ఏళ్ల తర్వాత ఇంకో రాజు వైపు మొగ్గింది. 1776 మార్చిలో బ్రిటిష్ సైన్యం బోస్టన్ ఖాళీ చేసినప్పుడు వాళ్లతోపాటు సంఘం పత్రాలు కూడా హాలిఫాక్స్ వెళ్లిపోయాయి. యుద్ధం ముగిశాక అవి తిరిగొచ్చాయి. 1786లో మసాచుసెట్స్ శాసనసభ సంఘానికి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది. ఎవణ్ని ఏ ఊరి వాడని అడిగిన ప్రభుత్వమే, మీరు ఈ రాష్ట్రపు సంస్థ అని రాసిచ్చింది.

19వ శతాబ్దంలో పని మారలేదు, పెరిగింది. ఓడ దిగిన వాళ్లకు తల దాచుకునే చోటు, చలికాలంలో కట్టెలు, పని దొరక్క తిరిగి వెళ్లిపోదామనుకునే వాళ్లకు ఓడ చార్జీ. సంఘం తాత్కాలిక బస కూడా నడిపింది. 1841లో కేంబ్రిడ్జ్‌లోని మౌంట్ ఆబర్న్ శ్మశానంలో కొంత స్థలం కొంది. ఎవరూ లేకుండా చనిపోయిన స్కాట్‌ను ఊరి బీదల గోతిలో కాకుండా అక్కడ పెట్టడానికి.

ఈనాడు కట్టెలు అడిగేవాళ్లు లేరు. పెట్టె సొమ్ములో ఎక్కువ భాగం న్యూ ఇంగ్లండ్‌లో చదువుకునే స్కాట్ సంతతి పిల్లలకు స్కాలర్‌షిప్పులుగా వెళ్తోంది. సంఘం పాత చిట్టాలు బోస్టన్‌లో వంశవృక్షాలు వెతికే సంస్థ భద్రం చేస్తోంది. మెకింటైర్ల మనుమల మనుమలు, తమ ఇంటిపేరును ఆంగ్లేయ గుమాస్తా ఎన్ని రకాలుగా రాశాడో పోల్చుకోవడానికి ఇలాంటి చిట్టాలే తిరగేస్తుంటారు.